నాలుగింటి టీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రాలు నలుగురం కలిసి టీ తాగడం అలవాటయ్యాక, లిఫ్టులోనూ వాట్సాప్‌లోనూ అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. పాలెందుకు విరిగాయి, పదిమందికి ఎలా పెట్టాలి, పిలిస్తే వస్తారా రారా... అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఇదంతా మన ఇళ్ళలో మరిగించే పాల టీ గురించి. ఇరానీ చాయ్ గురించి మాత్రం కాస్త ఎక్కువే రాశాను. తీరిగ్గా కూర్చుని, తెలిసినవాళ్ళతోనూ తెలియనివాళ్ళతోనూ కలిసి టీ తాగడం హైదరాబాద్‌కి నేర్పింది ఆ చాయ్ అమ్మే ఇరానీ హోటళ్ళే.

## మొదలుపెట్టే ముందు

టీకి నాలుగు గంటలే ఎందుకు? ఏడింటికి తాగితే ఏమవుతుంది?

ఒంటి గంటకి భోంచేస్తే నాలుగింటికి కడుపు కాస్త ఖాళీ అవుతుంది, రాత్రి భోజనానికి ఇంకా చాలా టైముంటుంది. అప్పుడు టీ, పక్కన ఏదో ఒకటి తిన్నా రాత్రి ఆకలి చెడదు. రెండో కారణం నిద్ర. తాగిన కెఫీన్‌లో సగం వదిలిపోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగితే తొమ్మిదికి సగం పోతుంది. ఏడింటికి తాగితే అర్ధరాత్రి దాకా సగం ఒంట్లోనే ఉంటుంది. ఎండాకాలంలో మాత్రం ఐదున్నరకి జరపండి. మే నెలలో నాలుగింటికి మిట్టమధ్యాహ్నంలాగే ఉంటుంది, పిలిచినా ఎవరూ గడప దాటరు.

సాయంత్రం టీ ఇంగ్లీషు దొరల అలవాటు కదా, మనదెలా అవుతుంది?

ఇంగ్లండులో మధ్యాహ్నం టీని ఒక వేడుకగా మార్చిన పేరు బెడ్‌ఫోర్డ్ డచెస్ ఆనా రసెల్‌కి ఇస్తారు. అది 1840ల మాట. రాత్రి భోజనం బాగా ఆలస్యమయ్యే ఇళ్ళలో మధ్యలో ఆకలి తీర్చుకోవడానికి అలా మొదలైందంటారు. అస్సాం టీ 1839లోనే లండన్ వేలానికి వెళ్ళింది, కానీ అది పండించిన దేశంలో మామూలు ఇళ్ళకి చేరడానికి చాలా దశాబ్దాలు పట్టింది. 1903లో టీ మీద సెస్సు చట్టం వచ్చింది. ఆ డబ్బుతో ప్రచారం చేశారు, ఊళ్ళలో కప్పులు ఊరికే పోసి అలవాటు చేశారు. ఆ ప్రచారం చేసినవాళ్ళు నేర్పాలనుకున్నది వేడి నీళ్ళలో ఆకు నానబెట్టి, పాలు చుక్క కలిపే టీ. మనవాళ్ళు దాన్ని పొయ్యి మీదికి ఎక్కించి అల్లం దంచి వేశారు, పాలు దండిగా పోశారు. అందుకే దీన్ని మనదనడానికి నాకేమాత్రం సంకోచం లేదు.

మాది కాఫీ ఇల్లు. టీ పెట్టకపోతే తప్పా?

తప్పేమీ లేదు. కోస్తాలో చాలా ఇళ్ళకి టీ కంటే ముందు వచ్చింది కాఫీనే. ఫిల్టర్ డికాక్షన్ బాగా దించగలిగితే అదే ఇవ్వండి. నలుగురు ఒకే వేళకి వచ్చి కూర్చోవడం ముఖ్యం.

## పొడి, పాలు, పొయ్యి

ఏ టీ పొడి కొనాలి? పలుకులా, డస్టా, ఆకు టీయా?

పాల టీకి సీటీసీ పలుకులు కొనండి. ఆకుని యంత్రంలో నలిపి, చీల్చి, చిన్న గుండ్రటి పలుకులుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో పుట్టింది. పాలకి తట్టుకునే చిక్కటి రంగు దీనికే వస్తుంది. డస్ట్ ఇంకా సన్నది, రెండు నిమిషాల్లో డికాక్షన్ దిగుతుంది. రోడ్డు పక్క బండ్ల మీద ఎక్కువగా అదే వాడతారు. ఇంట్లో వాడితే మరిగే టైము తగ్గించాలి, లేకపోతే వగరెక్కుతుంది. డార్జిలింగ్ ఆకు టీని పాలలో మరిగించడం అన్యాయం. దాన్ని వేడి నీళ్ళలో మూడు నిమిషాలు ఉంచి అలాగే తాగండి. నీలగిరి పొడికి మంచి వాసన ఉంటుంది. దాన్ని అస్సాం పొడితో సగం సగం కలిపితే రంగూ వాసనా రెండూ దక్కుతాయి. డబ్బా మూత గట్టిగా ఉండాలి, మసాలా డబ్బాల పక్కన పెట్టకూడదు. టీ పొడి పక్కవాటి వాసన ఇట్టే పట్టేస్తుంది.

లూజు టీ పొడిలో రంగు కలిపారేమో ఎలా తెలుస్తుంది?

తెల్లటి ఫిల్టర్ పేపర్ మీద కొంచెం పొడి పరిచి నీళ్ళు చిలకరించండి. కాసేపాగి పొడి కడిగేసి, కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూడండి. మంచి పొడి అయితే మరక దాదాపు ఉండదు. రంగు కలిపిందైతే తడి తగలగానే మరకలు దిగుతాయి. ఇది ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇంట్లో చేసుకోమని చెప్పే పరీక్షే. ఇనుప రజను ఉందేమోనని అనుమానం వస్తే పొడి మీద అయస్కాంతం తిప్పండి.

నలుగురికి సరిపడా కొలత చెప్పండి. ఎప్పుడూ ఒకేలా రావడం లేదు.

నీళ్ళు 350 మిల్లీలీటర్లు, పాలు 300, సీటీసీ పొడి నాలుగు చెంచాలు, పంచదార నాలుగు చెంచాలు. మీ చెంచా ఏదో ఒకటి ఖాయం చేసుకోండి, రోజుకో చెంచా మారిస్తే కొలతకి అర్థం ఉండదు. నీళ్ళు తెర్లాక పొడి వేసి, మంట తగ్గించి రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వండి. తర్వాత కాచిన పాలు వేడిగానే పోసి, రెండు పొంగులు రానిచ్చి దించండి. పొంగు అంచుదాకా వచ్చినప్పుడు గిన్నె ఎత్తి, అది కిందికి దిగాక మళ్ళీ పెట్టాలి. ఒకేలా రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం పాలే. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోస్తే మరుగు ఆగిపోతుంది. మళ్ళీ మరిగేలోపు పొడి ఎక్కువ ఉడికి వగరు దిగుతుంది.

అల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయి. ఎందుకు?

పచ్చి అల్లంలో పాలలోని ప్రొటీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. వేడికి దాని బలం పోతుంది. కాబట్టి దంచిన అల్లాన్ని మొదట నీళ్ళలో వేసి మూడు నాలుగు నిమిషాలు బాగా మరగనివ్వండి. ఆ తర్వాతే పొడి, చివర్లో కాచిన పాలు. పాలు నిన్నటివైతే అల్లం లేకపోయినా విరుగుతాయి, ఆ నేరం అల్లం మీద వేయకండి.

బెల్లం టీ పెట్టాలని ఉంది, కానీ ప్రతిసారీ విరుగుతోంది.

టీ పూర్తిగా అయ్యాక పొయ్యి ఆపేయండి. ఒక నిమిషం ఆగి తురిమిన బెల్లం వేసి కలపండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టొద్దు. ఇంకా భయంగా ఉంటే కప్పులో అడుగున బెల్లం వేసుకుని పైన టీ వడకట్టండి.

యాలకులు, దాల్చినచెక్క, లవంగాలు... ఎన్ని వేయాలి?

నలుగురికి రెండు యాలకులు చాలు. అల్లం వేసిన రోజు యాలకులు మానేయడం నాకిష్టం, రెండూ కలిస్తే ఏదీ తెలియదు. లవంగాలు జలుబు రోజుకి అట్టేపెట్టండి.

ఇరానీ చాయ్ రుచి ఇంట్లో వస్తుందా?

వస్తుంది, కానీ పద్ధతి మార్చాలి. ఇరానీ హోటల్లో నీళ్ళూ పాలూ కలిపి మరిగించరు. డికాక్షన్ ఒక హండీలో మూతపెట్టి సన్నసెగ మీద, పాలు వేరే గిన్నెలో గంటలకొద్దీ కాగుతూ ఉంటాయి. కౌంటరు దగ్గర నిలబడి చూడండి: కప్పులో ముందు డికాక్షన్ పోస్తాడు, నల్లగా, అడుగున మూడోవంతు దాకా. దాని మీద మీగడతో చిక్కబడిన పాలు జారవిడుస్తాడు. కప్పు అంచు దాటి సాసర్లోకి నాలుగు చుక్కలు ఒలకాల్సిందే.

ఇంట్లో నాలుగు కప్పులకి రెండు గ్లాసుల నీళ్ళలో నాలుగు చెంచాల పొడి, పంచదార వేసి, గిన్నె అంచు చుట్టూ చపాతీ పిండి అంటించి మూత అతికించండి. బాగా సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఆవిరి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. ఈలోపు అర లీటరు చిక్కటి పాలని అడుగంటకుండా కలుపుతూ మూడో వంతు ఇగరనివ్వండి. రెండు చెంచాల కోవా కలిపితే ఆ కమ్మదనం వస్తుంది. కప్పులో కలపడం మాత్రం తాగే ముందే.

## పక్కన ఏం పెట్టాలి

బిస్కెట్లు మాత్రమే పెడితే చిన్నచూపు చూశామనుకుంటారా?

అనుకోరు. మీరు వంటింట్లో గంటసేపు నూనె ముందు నిలబడితే, వచ్చినవాళ్ళు హాల్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అది వాళ్ళకి ఎక్కువ ఇబ్బంది. డబ్బాలో ఉన్నవి తీయండి: జంతికలు, చెగోడీలు, చెక్కలు. సంక్రాంతి వెళ్ళిన కొత్తల్లో తెలంగాణ ఇళ్ళలో సకినాలుంటాయి, వాటికి మించింది లేదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒక గిన్నె నడిమధ్య పెడితే, తొక్కలు తీస్తూ ఎంత మొహమాటస్థులైనా మాట్లాడటం మొదలెడతారు. రాయలసీమవాళ్ళు ఎవరైనా ఉంటే బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీల బాధ్యత అడగకుండానే వాళ్ళకి అప్పగించండి.

ఉస్మానియా బిస్కెట్‌కి ఆ పేరెలా వచ్చింది?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద. ఉస్మానియా ఆస్పత్రి రోగులకి పెట్టడం కోసం తయారైందని నగరంలో చెప్పుకుంటారు. నిజాం రోజూ తెప్పించుకునేవాడని ఇంకో కథ. తీపీ ఉప్పూ రెండూ తగలడం దీని ప్రత్యేకత. టీలో ముంచితే రెండు క్షణాలకి మించి ఆగదు, కప్పు మీదకి వంగి తినాలి.

పకోడీలు పది నిమిషాలకే మెత్తబడుతున్నాయి. ఏం చేయాలి?

ఉల్లిపాయలు నిలువుగా సన్నగా తరిగి, ఉప్పు వేసి గట్టిగా పిసికి పది నిమిషాలు వదిలేయండి. వాటిలోంచే నీరు దిగుతుంది. ఆ తడికి పట్టినంత శనగపిండి, కప్పుకి రెండు చెంచాల చొప్పున బియ్యప్పిండి, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి కలపండి. మరీ పొడిగా ఉంటే చేతివేళ్ళతో నీళ్ళు చిలకరించండి, అంతకంటే వద్దు. ఒక గరిటె కాగిన నూనె పిండిలో పోసి కలిపి, మధ్యస్థమైన మంట మీద వేయించండి. పెద్ద మంట మీద పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటాయి, మెత్తబడేవి అవే. దించాక ఒకదాని మీద ఒకటి పోయొద్దు, మూత అసలే పెట్టొద్దు.

షుగర్ ఉన్నవాళ్ళు వస్తారు. వాళ్ళకి విడిగా టీ పెట్టాలా?

అందరికీ చప్పటి టీయే పెట్టి, పంచదార గిన్నె మధ్యలో ఉంచండి. ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకుంటారు. "ఆంటీ, మీది షుగర్ లేనిది" అని పదిమందిలో కప్పు వేరుగా అందిస్తే కొందరు చిన్నబుచ్చుకుంటారు. బిస్కెట్ల బదులు వేయించిన శనగలు, గుగ్గిళ్ళు అందరికీ పెట్టండి.

## పిలవడం, కూర్చోవడం

ఎదురింటివాళ్ళతో పలకరింపుల వరకే పరిచయం. టీకి ఎలా పిలవాలి?

"ఎప్పుడైనా రండి" అంటే ఎవరూ రారు. "ఆదివారం నాలుగింటికి టీకి రండి, ఐదుకల్లా అయిపోతుంది" అనండి. రోజు, వేళ, ముగింపు మూడూ తెలిస్తే అవతలివాళ్ళకి టెన్షన్ ఉండదు. భోజనానికి పిలిస్తే తిరిగి పిలవాలన్న బరువు ఉంటుంది, చేతిలో ఏదో పట్టుకెళ్ళాలన్న ఆలోచన ఉంటుంది. టీకి అవేవీ లేవు, చెప్పులు విడిచి లోపలికి వస్తే చాలు. మొదటిసారి రాకపోతే నొచ్చుకోకండి, ఇంకోసారి పిలవండి.

"ఇప్పుడే తాగొచ్చామండీ" అంటారు. బలవంతం చేయాలా?

మనవాళ్ళు మొదటిసారి వద్దనడం మర్యాద కోసం, చాలాసార్లు. "అర కప్పు తీసుకోండి" అని ఒక్కసారి అడగండి. అప్పుడూ వద్దంటే నిజంగానే వద్దని. మజ్జిగో నిమ్మరసమో ఇచ్చి కూర్చోబెట్టండి. ఎసిడిటీ ఉన్నవాళ్ళు, మందులు వాడేవాళ్ళు కారణం బయటికి చెప్పరు. మూడోసారి బతిమాలితే వాళ్ళు మళ్ళీ రావడానికి ఆలోచిస్తారు.

పదిహేను మందికి ఒకేసారి ఎలా పెట్టాలి?

డికాక్షన్, పాలు విడివిడిగా కాచుకోండి. డికాక్షన్ గంట ముందే దించి వడకట్టి ఫ్లాస్కులో పోయవచ్చు. పాలు సన్నసెగ మీద ఉంచి, మనుషులు వచ్చినకొద్దీ కలిపి ఇవ్వండి. మొత్తం కలిపేసి పొయ్యి మీద వదిలేస్తే, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చేదు టీ మిగులుతుంది.

పేపర్ కప్పులు వాడొచ్చా? కడిగే పని తప్పుతుంది కదా.

వాడకపోవడమే మంచిది. నీరు ఇంకకుండా ఆ కప్పుల లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో పరీక్షించి చూస్తే, వంద మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి పావుగంటలో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దిగాయి. స్టీలు గ్లాసులు ఒక డజను కొని అందరికీ ఉమ్మడిగా పెట్టుకోండి. తాగినవాళ్ళు ఎవరి గ్లాసు వాళ్ళు కడిగితే ఐదు నిమిషాల పని.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి అత్తయ్యగారు వేరే గ్లాసు పెట్టారు. ఏం చేయాలో తెలియడం లేదు.

ఇది నన్ను చాలామంది మెల్లగా, పక్కకి పిలిచి అడిగే ప్రశ్న. వేరే గ్లాసు తీసేయాలి, ఇందులో మధ్యేమార్గం లేదు. మన ఊళ్ళ టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసులు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి అవమానం ఎంతమంది మోశారో తెలిసినవాళ్ళెవరూ దీన్ని చిన్న విషయం అనలేరు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటల్లో పాత్రల దగ్గర వివక్ష చూపడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. హోటల్లో నేరమైనది మన వంటింట్లో ఆచారం ఎలా అవుతుంది?

పెద్దవాళ్ళతో గొడవకి దిగకుండా చేసే దారి ఉంది. ఇంట్లో గ్లాసులన్నీ ఒకే రకంవి కొనండి, అప్పుడు ఏది ఎవరిదో తెలియదు. టీ మీరే పోయండి. ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోమని పేరు పెట్టి పిలవండి, మీరూ ఎదురుగా కూర్చోండి. "అత్తయ్యా, మనందరం ఒకే గిన్నెలోది తాగుతున్నాం" అని మామూలు గొంతుతో చెప్పండి. మొదట్లో ఆ అమ్మాయే మొహమాటపడుతుంది. అలవాటయ్యేదాకా ఆపకండి.

మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. ఆవిడ కోసం ఏమైనా చేయొచ్చా?

రోజూ నాలుగింటికి ఎవరో ఒకరు తలుపు తట్టేలా చూడండి. వారంలో రెండు రోజులు పక్కింటివాళ్ళు, ఒక రోజు చుట్టాలు, మిగతా రోజుల్లో మీ ఫోన్. ఆ టైముకి మీరూ కప్పు పట్టుకునే ఫోన్ చేయండి. టీ ఆవిడే పెట్టాలి, వచ్చినవాళ్ళకి ఆవిడే పోయాలి. "నువ్వు కూర్చోమ్మా, నేను పెడతా" అని ఆ పని లాక్కోవద్దు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి.

అందరూ వచ్చి ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు.

చేతికి పని పెట్టండి. బఠాణీలు ఒలవడం, కరివేపాకు దూయడం, వేరుశనక్కాయలు.

పిల్లలకి టీ ఇవ్వొచ్చా?

చిన్నపిల్లలకి వద్దు. నిద్ర చెడుతుంది, తిండిలోని ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు. యాలకుల పాలు అదే గ్లాసులో పోసి, అదే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్ళకి కావలసింది పెద్దవాళ్ళ పక్కన చోటు.

## బయట తాగేటప్పుడు

ఇరానీ హోటల్లో ఏమని అడగాలి? పౌనా అంటే ఏంటి?

ఊరికే "చాయ్" అంటే మామూలుది వస్తుంది. పౌనా అంటే డికాక్షన్ తగ్గి పాలు ఎక్కువ. పాలు లేనిది కావాలంటే సులేమానీ. పక్కన ఉస్మానియా బిస్కెట్, బన్ మస్కా, ఉల్లిపాయ చిన్న సమోసా అడగండి. చార్మినార్ పక్కన నిమ్రా, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్... ఎవరి హోటల్ వాళ్ళకి గొప్ప. పాత ఇరానీ హోటళ్ళు కొన్ని మూతపడ్డాయి, అందుకే ఉన్నవాటికి వెళ్ళి కూర్చోవాలని గట్టిగా చెబుతాను. బల్ల మీద మీ ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే తెలియనివాళ్ళు వచ్చి కూర్చుంటారు. జరిగి చోటివ్వండి.

వన్ బై టూ అడిగితే పిసినారితనం అనుకుంటారా?

ఎవరూ అనుకోరు. ఒక టీని ఇద్దరికి రెండు కప్పుల్లో సర్దిస్తారు. రెండోసారి మళ్ళీ వేడిగా తెప్పించుకోవచ్చు, ఇంకో పావుగంట కూర్చోవడానికి అదే వంక.

అమెరికాలో ఎంత మరిగించినా టీ పల్చగానే ఉంటోంది.

రెండు శాతం పాలు మానేసి హోల్ మిల్క్ కొనండి, అందులో కొంచెం హాఫ్ అండ్ హాఫ్ (పాలు, మీగడ కలిపి అమ్మేది) కలపండి. టీ బ్యాగులు కాకుండా ఇండియన్ స్టోరులో సీటీసీ పొడి తెచ్చుకోండి. పనిరోజుల్లో నాలుగింటికి ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి శనివారం పెట్టుకోండి.

## ఆరోగ్యం, ఆ తర్వాత

అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దంటారు, నిజమేనా?

నిజమే. టీలోని టానిన్లు ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఐరన్‌ని ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు మానమని ఉంది. రక్తహీనత ఉన్నవాళ్ళు దీన్ని తప్పకుండా పాటించాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు.

రోజుకి ఎన్ని కప్పులు పర్వాలేదు?

అవే సూచనల ప్రకారం కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదు, 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. పంచదార లెక్క వేరే, చాలామందికి ముందు అడ్డొచ్చేది అదే. గర్భిణులు డాక్టరుని అడిగి తాగాలి.

మిగిలిన టీ మళ్ళీ వేడి చేయొచ్చా?

గంట లోపయితే ఒకసారి పర్వాలేదు, రుచి మాత్రం తగ్గుతుంది. పాలు కలిపింది బయట గంటలకొద్దీ ఉంటే పారబోయండి.

టీ పిప్పి గులాబీ మొక్కలకి వేయొచ్చా?

వేయొచ్చు, కడిగాక. పాలు, పంచదార ఉన్నది అలాగే వేస్తే చీమలు పడతాయి, బూజు పట్టి వాసన వస్తుంది. రెండు సార్లు నీళ్ళలో కడిగి, ఎండలో ఆరబెట్టి, మట్టిలో కలపండి. కుండీకి గుప్పెడు చాలు.